సూరయ్య కుడి చెవి

ఒడిశా గంజాం జిల్లాలో భూమిని విడిచి వెళ్ళి, మూడేళ్ళపాటు మరో గ్రహం చుట్టూ తిరిగే చందమామ మీద కాపురం చేసి, మళ్ళీ హల్దియాపదర్‌లో తన ఇంటి అరుగు మీదికి తిరిగొచ్చిన మనిషి ఒక్కడే ఉన్నాడు. అతని పేరు సూరయ్య.

సరే, మూడేళ్ళు కాదు, ఒక్క వానాకాలం. మనిషి మొత్తం వెళ్ళాడనడం కూడా కాస్త ఎక్కువే. ఎడమ చెవి మాత్రం వెళ్ళింది. కుడి చెవి గోపాల్‌పూర్ దారిలో మొగలిపూల బట్టీలో, పొయ్యి పక్కనే ఉండిపోయింది. ఆ రెండు చెవుల మధ్య ఉన్న మనిషి ఎంత అలిసిపోయాడో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఇంతకంటే వెనక్కి తగ్గను.

సూరయ్య పని ఏమిటో ముందు చెప్పాలి. సముద్రం వైపు ఇసుక నేలల్లో, పొలాల గట్ల మీద మొగలి పొదలుంటాయి. పొద్దున్నే కోసిన పూలు బట్టీకి వస్తాయి. వాటిని పెద్ద రాగి కాగులో వేసి, నీళ్ళు పోసి, మూత చుట్టూ బంకమట్టి మెత్తి, కింద కట్టెల మంట పెడతారు. ఆవిరి, తాడు చుట్టిన వెదురు గొట్టంలోంచి వచ్చి, నీళ్ళ తొట్టిలో కూర్చోబెట్టిన పొడుగు మెడ రాగి కుండలోకి దిగుతుంది. ఆ కుండలో గంధం నూనె ముందే పోసి ఉంచుతారు. పువ్వు ప్రాణమంతా ఆ నూనెలోకి చేరుతుంది. అదే అత్తరు. నాలుగైదు గంటల పని. ఇందులో కష్టమంతా ఎప్పుడు ఆపాలన్నదే. తొందరపడితే వాసన పలచనవుతుంది. ఆలస్యమైతే ఉడికిన ఆకు కంపు పడుతుంది, గంధం నూనెతో సహా పారబోసుకోవాలి. మూత లోపల ఏం జరుగుతోందో ఎవరికీ కనపడదు.

సూరయ్య చెవితో చూసేవాడు. మూరెడు వెదురు పుల్ల తీసుకుని, ఒక కొన కాగు భుజానికీ, రెండో కొన తన కుడి చెవికీ ఆనించి కళ్ళు మూసుకునేవాడు. కాగు మొదట గలగలా వాగుతుందట. తర్వాత సణుగుతుందట. ఆఖరికి గొంతు లోపలి నుంచి ఒకే ఒక మూలుగు మొదలుపెడుతుందట. అది మొదలైన క్షణాన తడిగుడ్డ కాగు మీద పడాలి, కట్టెలు బయటికి లాగెయ్యాలి. సూరయ్య తండ్రి కూడా అదే పొయ్యి దగ్గర, అదే పీట మీద కూర్చుని, అదే మూలుగు విన్నాడు.

నేను బరంపురం స్టేషన్లో ముప్ఫై నాలుగేళ్ళు పార్సిల్ గుమాస్తాని. బట్టీ నుంచి వచ్చే అత్తరు డబ్బాలు నా చేతుల మీదుగానే రైలెక్కేవి. ఒకసారి డబ్బా ఒకటి కారి, ఆ వాసనకి టికెట్ కలెక్టరు తన స్టేషన్ వచ్చినా దిగకుండా విజయనగరం దాకా వెళ్ళిపోయాడు. పలాస దాకానేమో. సూరయ్య చేతి సరుకంటే అలా ఉండేది.

ఉండేది అని ఎందుకంటున్నానంటే, మూడేళ్ళ కిందట పాత కాగు అడుగు అరిగిపోయింది. మాట్ల మీద మాట్లు వేసి, ఇక లాభం లేదని కంచరివాళ్ళకి ఇచ్చేశారు. కరిగించేశారు. దాని స్థానంలో కొత్త కాగొచ్చింది. పెద్దది, మందమైనది, అద్దంలా మెరిసేది.

"దీనికి గొంతు నేదు బాబూ," అన్నాడు సూరయ్య నాతో, మొదటి నెలలోనే. "పొద్దున్నుంచీ గోడతో మాటాడినట్టుంటది."

అప్పటి నుంచి అతను పుల్లని చెవికి ఎంత గట్టిగా అదిమేవాడంటే, అక్కడ రూపాయి కాసంత కాయ కాసింది. సాయంత్రం బస్సు దిగి వస్తుంటే మెడ ఒక పక్కకి వాలిపోయి ఉండేది. అరవై ఒకటో ఏట ఒక మనిషి రోజుకి అయిదు గంటలు, ఏమీ చెప్పని దాన్ని వింటూ కూర్చోవడం ఎలా ఉంటుందో నాకు తెలియదు. చూడడానికే అలుపొచ్చేది.

ఈ ఏడు ఆషాఢంలో మొదటి పూలు దిగిన రోజు నేను బట్టీలోనే ఉన్నాను. రిటైరయ్యాక నాకదో కాలక్షేపం. బట్టీ యజమాని కాశీవిశ్వనాథం, బరంపురంలో మూడు తరాల షావుకారు, సూరయ్య ఎదురుగా కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు.

"సూడు సూరయ్యా. నువ్వంటే మా నాన్నగారికి గురి. నాకూ గురే. కిందటేడు మూడు కాగులు చెడ్డాయి. నోరెత్తలేదు. ఈ ఏడు రెండు చెడితే మటుకు పీట దిగిపోవాలి. మా అబ్బాయి వినయ్ వేడి కొలిచే మీటరు పెట్టిస్తానని కూర్చున్నాడు."

"ఎట్టించండి. మీటరుకైతే ఆకలుండదు."

"కోపం వద్దు."

"కోపవేటి సావుకారుగారూ. అలుపు."

ఆ మాట నన్ను పట్టుకుంది. ఏదైనా సరదా కల్పిద్దామనుకున్నాను. నా బతుకంతా నేను చేసిన తప్పులన్నీ సరదా కోసం చేసినవే.

మా మనవరాలు ఇంద్రజ నా ఫోనులో నాటకాలు వినిపించే యాప్ ఒకటి పెట్టింది. అందులో 'పదమూడో చందమామ' అని తెలుగు నాటకం. రోజూ మధ్యాహ్నం రెండింటికి పది నిమిషాల భాగం ఒకటి వస్తుంది. ఎక్కడో ఒక పెద్ద గ్రహానికి పదమూడు చందమామలు. ఆ పదమూడోదాని మీద ఒక ఇనుప ఇల్లు. ఆ ఇంట్లో ఇరా అనే పిల్ల ఒక్కతే ఉద్యోగం. ఆకాశంలో ఏమైనా శబ్దాలు వస్తే విని రాసుకోవడం ఆమె పని. ఒకనాడు ఆమె చెవికి ఎక్కడి నుంచో ఒక మూలుగు వినిపిస్తుంది. అంత హాయైన శబ్దం ఆమె పుట్టి ఎరగదు. అది మళ్ళీ ఎప్పుడొస్తుందా అని చెవులకి పెట్టుకున్నవి తియ్యదు. తిండి మానేస్తుంది. ఇంట్లో గాలి తయారుచేసే మిషను పాడవుతుంటే కూడా లేచి చూడదు. కథ అదీ.

ఒక ఆదివారం వానలో సూరయ్య ఇంటి అరుగు మీద కూర్చుని ఫోను మా ఇద్దరి మధ్యా పెట్టాను. సూరయ్య భార్య అమ్మడు గుమ్మంలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. మూడో భాగంలో ఆ మూలుగు వచ్చింది. నాలుగు సెకండ్లుంటుందేమో. సూరయ్య చేతిలో టీ గ్లాసు అలాగే ఒరిగి, టీ అంతా లుంగీ మీద పోయింది.

"ఆగండి బాబూ. అదేటి?"

"ఆకాశంలోంచి వచ్చే సంకేతం."

"సంకేతం నేదు, గింకేతం నేదు. అది మా పాత కాగు."

"ఓలమ్మా," అంది అమ్మడు. "కరిగించీసిన కాగు ఆకాశంలోకెల్లి మూలుగుతందా మావా?"

"నీకు తెల్దు. మళ్ళీ ఎయ్యండి బాబూ."

మళ్ళీ వేశాను. మళ్ళీ వేశాను. అయిదోసారికి సూరయ్య కళ్ళు మూసుకుని, లేని పుల్ల ఏదో పట్టుకున్నట్టు చెయ్యి కుడి చెవి దగ్గర పెట్టాడు. మూడేళ్ళ తర్వాత అతని మెడ నిటారుగా నిలబడ్డం చూశాను. ఆ నాటకం చేసినవాళ్ళు ఏ రాగి పాత్రని ఏ మంట మీద పెట్టి ఆ శబ్దం తీశారో నాకు తెలియదు. ఏ కంప్యూటర్లోనో తయారుచేసి ఉంటారు. ఆ సాయంత్రమే సూరయ్య ఫోనులో ఆ యాప్ వేసి ఇచ్చాను. అమ్మడు నన్ను ఇప్పటికీ క్షమించలేదు.

ఇబ్బంది ఏమిటంటే ఆ మూలుగు ఏ భాగంలో ఎక్కడొస్తుందో ముందు తెలియదు. ఒక్కోరోజు రెండుసార్లు వస్తుంది. ఒక్కోరోజు అసలు రాదు. అందుకని మొత్తం వినాలి. వచ్చిన భాగాన్ని మళ్ళీ వినాలి. రానిదాన్ని, ఎక్కడైనా జారిపోయిందేమోనని ఇంకోసారి వినాలి. మొదట ఇంట్లో విన్నాడు. తర్వాత బస్సులో. స్టాపు దాటిపోయి గోపాల్‌పూర్ ఒడ్డు దాకా వెళ్ళి నడిచి వెనక్కి వచ్చిన రోజులున్నాయి. శ్రావణం వచ్చేసరికి ఎడమ చెవిలో ఇయర్‌ఫోన్ తీగ లేకుండా సూరయ్య ఎవరికీ కనపడలేదు.

అమ్మడు ఫోనుని కందిపప్పు డబ్బాలో దాచింది. పప్పులోంచి ఇరా మాట్లాడితే దొరికిపోయింది. బియ్యంలో దాచింది. అప్పుడు సూరయ్య వానలో తడుస్తూ మా గేటు దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"ఒక్క బాగం బాబూ. ఈ పూటది."

"అమ్మడు తిడుతుందయ్యా."

"తిట్టనీండి. ఆ తిట్లు నిన్నటివే. ఇది ఇయ్యాల్టిది."

అమ్మడికి కంటి పరీక్ష ఉంటే తీసుకెళ్తానన్నాడు. బస్టాండులో ఒక మూల ఒక భాగం విని వస్తానని వెళ్ళాడు. రెండు బస్సులు వెళ్ళిపోయాక ఆమె ఒక్కతే ఆస్పత్రికి వెళ్ళి, కళ్ళలో చుక్కలు వేయించుకుని, ఎవరినో చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించమని అడిగి ఇంటికొచ్చింది. ఆ సాయంత్రం నేను వెళ్ళేసరికి సూరయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"ఆ గుంటకి బుద్ది నేదు బాబూ," అన్నాడు. "గాలి మిషను కొట్టుకు సస్తంది. ఎర్ర దీపం ఎలుగుతంది. లేసి సూడదు. సెవుల్లో ఎట్టుకుని కూకుంటాది. తన మనుషులు నెత్తి కొట్టుకుని సెప్తన్నారు, ఇనదు."

"ఎవరికి నేదు బుద్ది?" అంది అమ్మడు లోపల్నుంచి.

"ఇరాకి."

"ఓహో. ఇరాకా."

సూరయ్య నా వైపు చూశాడు. అతని మొహంలో నిజంగానే ఆ పిల్ల మీద బెంగ తప్ప ఇంకేమీ లేదు. అమ్మడు గుమ్మంలోకొచ్చి, చుక్కలు వేసిన కళ్ళు చిట్లించి, మొగుడిని చూసి లోపలికి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

మొదటి కాగు శ్రావణం నడుమ చెడింది. మాడి చెడలేదు. గంట ముందే ఆపేశాడు. ఎడమ చెవిలో నాటకం, కుడి చెవికి పుల్ల. ఎడమ చెవిలో మూలుగొచ్చింది. ముప్ఫై ఎనిమిదేళ్ళ అలవాటు, ఆలోచించేవరకూ ఆగుతుందా? చెయ్యి దానంతటదే లేచి తడిగుడ్డ కాగు మీద వేసేసింది. కట్టెలు లాగేసింది. అప్పుడు సూరయ్యకి తెలిసింది, తను చందమామ మీద పొయ్యి ఆర్పాడని.

కాశీవిశ్వనాథం ఆ అత్తరు చేతి వెనక రాసుకుని, వాసన చూసి, మళ్ళీ చూసి, "ఒకటి," అన్నాడు. సూరయ్యకి ఇక మిగిలింది ఒక్క తప్పు.

అప్పటి నుంచి బట్టీలో ఫోను సంచీలోనే ఉంచాడు. భాద్రపదం చివర దాకా ఎలాగో లాక్కొచ్చాడు. సరుకు గొప్పగా లేదు, పారబోసేటట్టూ లేదు. మనిషి మాత్రం సగమైపోయాడు. పీట మీద కూర్చుని ఆవలించేవాడు. చెయ్యి మాటిమాటికీ సంచీ వైపు వెళ్ళి వెనక్కి వచ్చేది. సాయంత్రం ఇంటికెళ్ళే బస్సులో, పొద్దున్నుంచీ దాచుకున్న ఆకలంతా తీర్చుకుంటున్నట్టు వినేవాడు.

పూలు తగ్గిపోయాయి. ఆఖరి కాగు మంగళవారం పెడదామన్నారు. బుధవారం కనౌజ్ అత్తరు వ్యాపారి తరఫు మనిషి సరుకు చూసుకోవడానికి వస్తాడు. అదే మంగళవారం రెండు గంటలకి 'పదమూడో చందమామ' ఆఖరి భాగం.

సోమవారం సాయంత్రం సూరయ్య మా ఇంటికొచ్చి ఫోనూ తీగా నా చేతిలో పెట్టాడు.

"రేపు నాతో బట్టీకి రండి. ఇది మీ జేబులో ఉండాల. నానడిగినా ఇయ్యకండి. కాళ్ళట్టుకున్నా ఇయ్యకండి."

"మీ ఆవిడకే ఇవ్వొచ్చు కదయ్యా?"

"అది నిజంగా ఇయ్యదు," అన్నాడు.

మంగళవారం పది గంటలకి మంట పెట్టాడు. వినయ్ కొత్త మీటరు గొట్టానికి కట్టి, పుస్తకం పట్టుకుని నిలబడ్డాడు. "పరీక్షకేలే సూరయ్యా, నీ పనికి అడ్డం రాను," అన్నాడు. మంచి కుర్రాడే. పన్నెండింటికి కాశీవిశ్వనాథం భోజనానికి వెళ్ళాడు. ఒంటిగంట దాటింది. సూరయ్య పుల్ల ఆనించి కళ్ళు మూసుకున్నాడు. చెవి దగ్గర కాయ ఎర్రబడింది. పెదవులు కదులుతున్నాయి.

"ఏటంటోంది?" అని అడిగాను.

"ఏటీ అనదు. ముద్దాయిలాగ కూకుంది."

సరిగ్గా రెండింటికి నా జేబులో ఫోను టింగుమంది.

"బాబూ."

"ఇవ్వను."

"అడగనేదే. ఒచ్చిందా అన్నాను."

"వచ్చింది."

"ఎన్ని నిమసాలు?"

"ఇరవై రెండు."

"ఇరవై రెండా!" అని నిట్టూర్చాడు. కొంచెంసేపు కట్టెలు సర్దాడు. తర్వాత చాలా నెమ్మదిగా, న్యాయంగా మాట్లాడడం మొదలుపెట్టాడు. "సన్నాయోడు పక్కన శ్రుతి నేకుండా వాయిస్తాడేటి బాబూ? ఆ సద్దు ఒక సెవిలో ఉంటే, ఈ మొద్దుది ఎప్పుడు దానికి దగ్గరకొస్తదో పోల్చుకోగలను. శ్రుతికే. ఇంకేటికీ కాదు. మొదటి దఫా తెలక మోసపోయాను. ఇప్పుడు తెలుసు కదా."

స్టేషన్లో పనిచేసిన రోజుల్లో ఇంతకంటే తెలివైన కారణాలు తాగుబోతుల నోట విన్నాను. ఫోను ఇవ్వకూడదని నాకు తెలుసు. ఇచ్చాను. శ్రుతి మాట నమ్మి ఇవ్వలేదు. ఆఖరి భాగం నాకూ వినాలని ఉంది. అసలు సంగతి అది.

తీగకున్న రెండు కొసల్లో ఒకటి అతని ఎడమ చెవిలో, ఒకటి నా చెవిలో పెట్టుకున్నాం.

"ఏటి తాతా చెవిలో?" అన్నాడు వినయ్.

"చెవిపోటు. మందు," అన్నాను.

"ఇద్దరికీనా?"

"ఒకే బావి నీళ్ళు తాగుతాం కదయ్యా."

ఇరా ఇంట్లో ఇంక గంటకి సరిపడా గాలి ఉంది. గుమ్మం బయట ఆమెని తీసుకెళ్ళే ఓడ ఆగి ఉంది. చెవులవి తీసి లేచి రమ్మని ఓడలోవాళ్ళు లోపలికి మాట్లాడుతున్నారు. ఇంకొక్కసారి విని వస్తానంటోంది ఆమె. ఒక్కసారే అంటోంది.

"తియ్యే," అని గొణిగాడు సూరయ్య. "తీసీ. లెగు. మిషను కాడికెల్లు. నీ యమ్మ కడుపు కాల, లెగవే." అతని కళ్ళ వెంట నీళ్ళు. కుడి చేత్తో పుల్ల అలాగే అదిమి పట్టుకుని ఉన్నాడు. వినయ్ మీటరు వైపు చూస్తూ ఏదో రాసుకుంటున్నాడు.

అంతలో నాటకం ఆగి ఒక ప్రకటన మొదలైంది. తలనూనె. ఎవరో అమ్మాయి తన జుట్టు గురించి పాడుతోంది. నేను విసుక్కుని సూరయ్య వైపు తిరిగాను. సూరయ్య అప్పటికే పీట మీద లేడు. తడిగుడ్డ కాగు మీద పడింది, ఆవిరి బుస్సుమంది. తీగ మా ఇద్దరి చెవుల్లోంచి ఊడి బూడిదలో పడింది. రెండు చేతులా కట్టెలు బయటికి లాగి, మట్టి కొట్టి, కుండ మెడ విప్పి పక్కన పెట్టి, అక్కడే నేల మీద కూలబడ్డాడు.

కాశీవిశ్వనాథం వచ్చాడు. ఒక చుక్క చేతి వెనక రాసుకుని, బట్టీ పొగ తగలకుండా గేటు బయటికెళ్ళి, సముద్రపు గాలికి ఎదురుగా నిలబడ్డాడు. చాలాసేపు నిలబడ్డాడు. మాకు అతని వీపే కనిపిస్తోంది. సూరయ్య తల ఎత్తలేదు.

తిరిగొచ్చి, "ఇది మా నాన్నగారున్నప్పటి సరుకు," అన్నాడు. "ఠిక్ అఛి, బాగుంది. ఇంక మాట లేదు. నేను బతికున్నంత కాలం పీట నీదే సూరయ్యా. వినయ్, ఆ మీటరు విప్పు."

అక్కడితో కథ అయిపోవాలి. నేనైతే అక్కడే ఆపేసేవాణ్ణి. సూరయ్య ఆపలేదు. నన్ను నీళ్ళ తొట్టి వెనక్కి తీసుకెళ్ళాడు.

"నాను గుడ్డ ఏసినప్పుడు మీ సెవిలో ఏటొస్తంది?"

"తలనూనె ప్రకటన."

"ఆ మూలుగు నేదా?"

"లేదు. కాగే పలికింది సూరయ్యా. విన్నది నీ కుడి చెవే. ఒట్టు."

సూరయ్య నన్ను చూశాడు. చిన్నప్పుడు మా కాన్వెంట్లో అబద్ధమాడితే ఇరవై వరసలు రాయించేవారు. నేను రాసిన వరసలు పరిస్తే అక్కడెక్కడో దిగపహండి ఊరి దాకా వెళ్తాయి. హల్దియాపదర్‌లో ఎవరి పెళ్ళి గురించి, ఎవరి చావు గురించి నేను చెప్పినా సగం తీసేసి వింటారు. అది నేను నవ్వుతూ సంపాదించుకున్న పేరు. ఆ మధ్యాహ్నం ఆ పేరు సూరయ్య కళ్ళలో కనిపించింది.

"నా మంచికి సెప్తన్నారు," అన్నాడు. కోపం లేదు, జాలిగానే అన్నాడు.

"నిజమయ్యా బాబూ! ఉండు, వినిపిస్తాను."

బూడిద తుడిచి ఆ భాగం మొదటి నుంచీ పెట్టాను. ఆ చోటుకి వచ్చింది. ఈసారి ప్రకటన రాలేదు. ఒకసారి వేసినవి వాళ్ళు మళ్ళీ వెయ్యరు కాబోలు. ప్రకటన లేకపోయేసరికి, ఇరా మాట ఆగిన చోటే, తిన్నగా ఆ మూలుగొచ్చింది.

"సూసారా," అన్నాడు సూరయ్య.

నేను ప్రమాణాలు చేశాను. అరిచాను. ఎంత అరిస్తే అంత అబద్ధంలా ఉంది. వినయ్ వచ్చి, "ఎందుకలా అరుస్తారు తాతా?" అన్నాడు. సూరయ్య తీగ చుట్టి నా చేతిలో పెట్టి, తిన్నగా కాశీవిశ్వనాథం దగ్గరికి వెళ్ళాడు.

"ఆ మీటరు ఇప్పకండి సావుకారుగారూ."

"ఏటయ్యా? ఇప్పుడే కదా చెప్పాను, పీట నీదని?"

"ఏ సెవి ఇన్నాదో నాకు తెల్దు. తెలకుండా ఆ పీట మీద కూకుంటే మీ సొమ్ము దొబ్బినట్టే."

"ఏ చెవైతే ఏటి? సరుకు బాగుంది కదా!"

"ఈ దఫా బాగుంది," అన్నాడు సూరయ్య. పుల్లని గోడకి ఆనించి, చేతులు కడుక్కుని, చెప్పులు వేసుకున్నాడు.

బస్సులో నా పక్కనే కూర్చున్నాడు. హల్దియాపదర్ వచ్చే ముందు అడిగాడు, ఆ పిల్ల బతికిందా అని. బస్సు కోసం ఆగినప్పుడు నేను మిగతాది విన్నాను కాబట్టి ఉన్నదే చెప్పాను. చెవులవి తీసింది, మిషను బాగుచేసుకుంది, ఓడ ఎక్కి వెళ్ళిపోయింది.

"అదీ అబద్దమే," అన్నాడు. "అలాటోళ్ళు తియ్యరు బాబూ."

మర్నాటి నుంచి అతను బట్టీకి వెళ్ళలేదు. ఆ యాప్ నా చేతే తీయించేశాడు. మొదటి పదిహేను రోజులూ అరుగు మీద కూర్చుని చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఉండేవాడు. ఎవరైనా పిలిస్తే రెండోసారికి గానీ పలికేవాడు కాదు. తర్వాత అమ్మడిని కంటి పరీక్షకి తీసుకెళ్ళాడు. ఆపరేషన్ అయ్యాక రోజుకి నాలుగుసార్లు అతనే చుక్కలు వేశాడు. ఒక్కోసారి బట్టీ నుంచి వినయ్ ఫోను చేసి ఏదో అడుగుతాడు. సూరయ్య ఊఁ కొట్టి పెట్టేస్తాడు.

ఇదంతా రాసి, మొన్న మధ్యాహ్నం వాళ్ళ అరుగు మీద కూర్చుని మొత్తం చదివి వినిపించాను. అమ్మడు నల్లద్దాలు పెట్టుకుని వింది. రెండు చోట్ల నవ్వింది, కందిపప్పు దగ్గర ఒకసారి, ఇంకోటి ఎక్కడో గుర్తులేదు. ఆస్పత్రి దగ్గర లేచి లోపలికి వెళ్ళి, ఆ ముక్క అయ్యాక వచ్చింది. సూరయ్య మొదట్నుంచీ చివరి దాకా కదలకుండా కూర్చున్నాడు.

"ఎలా ఉంది?" అన్నాను.

"దీన్లో ఒక్క ముక్క నిజం నేదు," అన్నాడు సూరయ్య. "నానే నాటకవూ ఇన్లేదు. ఇరా ఎవలో నాకు తెల్దు. కాగు మాటాడదు, అది రాగి. మోకాళ్ళు నొప్పెట్టి పని మానీసినాను. అంతే. అదీ రాసుకోండి."